వెయిటింగ్ లిస్టు ఒకటితో డేటోనా దాకా

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాళ్లకి ఒక దురద ఉంటుంది. నట్టూ బోల్టూ కనబడితే చెయ్యి ఊరుకోదు. నేనుండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్ దగ్గర. పగలు బ్యాంకు ప్రాజెక్టు, ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందిలాగే. అమెరికాలో పేరున్న కారు రేసులు నాస్కార్‌వి, వాటి జట్లలో ఎక్కువ భాగం ఉండేది కూడా ఈ చుట్టుపక్కలే: కాంకర్డ్, హంటర్స్‌విల్, మూర్స్‌విల్. మా వీధిలో ఉండే ఒక మెకానిక్ పరిచయంతో ఓ చిన్న జట్టుకి సాయంత్రాలు డేటా పని చేసిపెట్టడం మొదలుపెట్టాను. జీతం లేదు. టోపీ, టీషర్టు ఇచ్చారు.

ఆ జట్టు ఏడాది పొడుగునా పరిగెత్తేది కాదు. ఒకటే కారు, కొన్ని రేసులు, అన్నిటికంటే ముందు ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో జరిగే పెద్ద రేసు, డేటోనా 500. అక్కడికెళ్లాక తెలిసింది, ఆదివారం రేసుకంటే ముందు బుధ, గురువారాల్లో ఇంకో పోరాటం ఉంటుందని. టీవీలో చూసేవాళ్లకి అది పెద్దగా కనబడదు.

ముందు లెక్క చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2016 నుంచి నాస్కార్ పై స్థాయి పోటీ అయిన కప్ సిరీస్‌లో రేసుకి గరిష్ఠంగా 40 కార్లు. వాటిలో 36 చోట్లు ఛార్టర్ ఉన్న జట్లవి. ఛార్టర్ అంటే ప్రతి రేసులోనూ చోటు ఖాయమనే హక్కు. కొనొచ్చు, అమ్మొచ్చు, ధర కోట్ల డాలర్లలో పలుకుతుంది. మిగిలినవి నాలుగు. ఛార్టర్ లేనివాళ్లని ఓపెన్ జట్లంటారు, ఆ నాలుగు చోట్ల కోసం వాళ్లు కొట్టుకోవాలి. మాది ఓపెన్ కారు.

అంతకు ముందు 43 కార్లుండేవి. 2005 నుంచి 2012 దాకా ఓనర్ పాయింట్లలో (రేసు ఫలితాలని బట్టి కారు యజమానికి వచ్చే పాయింట్లు) మొదటి 35 జట్లకి చోటు గ్యారంటీ, మిగతావాళ్లు క్వాలిఫైయింగ్‌లో, అంటే రేసుకి ముందు ల్యాప్ టైముతో, తేల్చుకోవాలి. 2013లో దాన్ని తీసేసి 36 మందిని టైము మీదే తీసుకున్నారు. ఆ పైన ఆరు చోట్లు ఓనర్ పాయింట్లకి, ఒకటి మాజీ చాంపియన్‌కి. ఏ నిబంధన వెనక చూసినా ఎవరిదో ఒక గాయం ఉంటుంది. ఏడుసార్లు చాంపియన్ అయిన రిచర్డ్ పెటీ అంతటివాడే 1989లో కొన్ని రేసులకి క్వాలిఫై కాలేక ఇంటికెళ్లాడు. ఆ తర్వాతే మాజీ చాంపియన్లకి ఒక చోటు పెట్టారు. మా క్రూ చీఫ్, అంటే కారు పనివాళ్లందరికీ పెద్ద, మాత్రం బోరిస్ సెడ్ అనే డ్రైవరు కథ చెప్పేవాడు. 2007 జులైలో డేటోనాలోనే, క్వాలిఫైయింగ్‌లో అందరికంటే వేగంగా ఉన్నది సెడ్. ఇంతలో వాన. సెషన్ రద్దు. రూలు పుస్తకం ప్రకారం చోట్లు నింపితే, అందరికంటే ముందున్న ఆయనకే చోటు లేకుండా పోయింది.

మామూలు వారాల్లో ఇంత గొడవ ఉండదు. ఎంట్రీలు 36, 37, 38 దగ్గరే ఆగిపోతాయి కాబట్టి క్వాలిఫైయింగ్ తేల్చేది ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే. ఎవరూ ఇంటికెళ్లరు. డేటోనా 500కి అలా కాదు. డబ్బూ పేరూ అక్కడే ఎక్కువ గనక, ఏడాదికి ఒక్క రేసే ఆడే జట్లు కూడా దానికే వస్తాయి. మేమెళ్లినప్పుడు కూడా నాలుగు చోట్లకి నలుగురికంటే ఎక్కువమందే వచ్చాం.

బుధవారం మొదటి గండం ఇన్‌స్పెక్షన్. కారుని ఒక గుడారం లాంటి గదిలోకి తోస్తారు. చుట్టూ కెమెరాలు, ప్రొజెక్టర్లు. బాడీ మొత్తం మీద వెలుగు చుక్కలు పడతాయి, కారు ఆకారాన్ని కంప్యూటరు అసలు డిజైన్‌తో పోల్చి చూస్తుంది. 2022లో వచ్చిన కొత్త కారులో చాలా భాగాలు అందరూ ఒకే సప్లయర్ల దగ్గర కొనాల్సినవే. అయినా రెండు కార్లు ఒకలా ఉండవు, ఎవరి తంటాలు వాళ్లవి. ఫెయిలైతే సరిచేసుకుని మళ్లీ వరసలో నిలబడాలి. పదేపదే ఫెయిలైతే శిక్షలు మొదలవుతాయి. మా కారు గదిలో ఉన్నంతసేపు మా మెకానిక్ నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. పాసైంది.

క్వాలిఫైయింగ్ ల్యాప్‌కి కారుని తయారుచేయడం చూడాల్సిన విషయం. అది రేసు కారు కాదనిపిస్తుంది. బ్రేకు ప్యాడ్లని డిస్కుకి తగలకుండా వెనక్కి నెట్టేస్తారు. చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోసి ఎంతసేపు తిరుగుతుందో చూస్తారు, ఏమాత్రం రాపిడి వినబడినా మళ్లీ విప్పుతారు. ప్యాడ్లు అంత దూరంగా ఉంటాయి కాబట్టి ల్యాప్ అయ్యాక మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా పోతుంది. డ్రైవరు రెండు మూడుసార్లు కొట్టాకే బ్రేకు పడుతుంది. ఇంజన్ ఆయిల్‌ని కరెంటు హీటర్లతో ముందే వేడిచేసి పెడతారు, చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి వేగం తినేస్తుందని. ఇదంతా 50 సెకన్ల పని కోసం.

డేటోనా ట్రాకు రెండున్నర మైళ్లు, మలుపుల్లో 31 డిగ్రీల వాలు. ఒంటరిగా వేసే ఆ ల్యాప్‌లో డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తనే ఎత్తడు. నా స్క్రీను మీద థ్రాటిల్ గీత మొదట్నుంచి చివరిదాకా నూటి దగ్గర బల్లపరుపుగా ఉంటుంది. డ్రైవరు చేతిలో ఉన్నదల్లా పిట్ నుంచి బయటికెళ్తూ గేర్లు సరిగ్గా వేయడం, ఆపైన స్టీరింగ్‌ని వీలైనంత తక్కువ తిప్పడం. మిగతాదంతా కారే. గాలి ఎంత ముఖ్యమంటే, 2024లో అట్లాంటాలో జోయి లొగానో అనే డ్రైవరు వేళ్ల మధ్య గుడ్డ కుట్టిన గ్లవ్ వేసుకుని, క్వాలిఫైయింగ్‌లో ఆ చేతిని కిటికీ వలకి అడ్డం పెట్టాడు, లోపలికి గాలి రాకుండా. పట్టుకుని 10,000 డాలర్ల జరిమానా వేశారు. మా షెడ్డులో మాత్రం దాని మీద నవ్వు కంటే మెచ్చుకోలే ఎక్కువ.

ఓపెన్ కార్లలో వేగమైన ఇద్దరికి బుధవారం రాత్రే ఆదివారం చోటు ఖాయం. మేం మూడో స్థానంలో ఆగాం. రెండోవాడికీ మాకూ తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. నా గ్రాఫులు ఎన్నిసార్లు తిరగేసినా, గేరు మార్చడంలో పోయిన కాలమెంతో ఇంజన్‌లో లేని బలమెంతో విడదీయలేకపోయాను.

అసలు తమాషా ఇక్కడే మొదలైంది. గురువారం రాత్రి రెండు డ్యుయల్ రేసులు, ఒక్కొక్కటి 60 ల్యాపులు. కార్లని రెండుగా పంచుతారు. ఒక్కో డ్యుయల్‌లో ఓపెన్ కార్లలో ముందు వచ్చినవాడికి చోటు. మరి ఆ ముందు వచ్చినవాడు బుధవారమే టైము మీద చోటు ఖాయం చేసుకున్నవాడైతే? అప్పుడు అతను డ్యుయల్ చోటు తీసుకుంటాడు, అతని టైము చోటు ఖాళీ అవుతుంది. దాని తర్వాతి వేగమున్నవాడు లోపలికొస్తాడు. అంటే మేము.

రాత్రి ఒంగోలు నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు.

"ఏరా, సీటొచ్చిందా లేదా?"

"చెప్పలేం బాబాయ్. వేరేవాడు గెలిస్తే మాకొస్తుంది."

కాసేపు విడమర్చి చెప్పాను. "ఓస్, ఇంతేనా? 36 మందికి కన్ఫర్మ్, నువ్వు వెయిటింగ్ లిస్టు ఒకటి. ఛార్టు తయారయ్యేదాకా స్టేషన్లో నిలబడాలి," అన్నాడు. అంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు.

ఇలా జరగదని కాదు. 2021లో సరిగ్గా ఇదే జరిగింది. చోటు ఖాయమైన ర్యాన్ ప్రీస్ డ్యుయల్‌లో టై డిలన్‌కంటే కొద్ది తేడాతో ముందు వచ్చాడు. దాంతో బుధవారం టైము మీద ఆస్టిన్ సిండ్రిక్ లోపలికొచ్చాడు. డిలన్ ఇంటికెళ్లాడు. ఆ మరుసటి ఏడాది 500 గెలిచింది ఆ సిండ్రికే.

మొదటి డ్యుయల్‌లో మేం లేం. పిట్ గోడ దగ్గర నిలబడి, చోటు ఖాయమైన మొదటి కారు ముందు రావాలని కోరుకోవడమే మా పని. ఆ కారు మొదటి ల్యాపుల్లోనే గుంపు వదిలేసి వెనక్కి జారిపోయింది. తప్పు పట్టడానికేం లేదు. చోటు జేబులో ఉంది, కారుకి గీత పడకుండా ఆదివారం దాకా దాచుకోవాలి. గుద్దుకుంటే స్పేర్ కారు తీయాలి, ఆ ఖర్చు మామూలుది కాదు. వెనకాల మొదలెట్టినా డేటోనాలో పోయేదేం లేదు, డ్రాఫ్టింగ్‌లో, అంటే ముందు కారు చాటున గాలి తగలకుండా నడవడంలో, గుంపు ఎలాగూ తిరగబడుతుంది. వేరే ఓపెన్ కారు ఆ చోటు పట్టుకుపోయింది.

రెండో డ్యుయల్‌లో మేమున్నాం. చోటు ఖాయమైన రెండో కారూ ఉంది, మాకు పోటీగా ఇంకో ఓపెన్ కారూ ఉంది. మేం ముందొచ్చినా లోపలికే, ఆ ఖాయమైన కారు ముందొచ్చినా లోపలికే. పోటీ కారు మా ఇద్దరినీ దాటితేనే మేం బయటికి. కాగితం మీద చూస్తే ఎంత బాగుందో! అందుకే రేసుకి ముందు మా డ్రైవరుకి చెప్పింది కూడా అదే: ఆ ఖాయమైన కారుని దాటొద్దు, వెనకనుంచి నెట్టు.

స్పాటర్లందరూ స్టాండ్ పైకప్పు మీద పక్కపక్కన నిలబడి తమ డ్రైవర్లకి రేడియోలో దారి చెప్తుంటారు. బేరాలు కూడా అక్కడే. మా స్పాటర్ వెళ్లి, చివరి ల్యాపుల్లో మీవాడు మాతో కలిసి నడుస్తాడా అని ఆ కారు స్పాటర్ని అడిగాడు. మర్యాదగానే జవాబొచ్చింది: కారు శుభ్రంగా తీసుకురమ్మని మాకు చెప్పారు, అంతవరకే.

నలభయ్యో ల్యాప్ దాటేదాకా అంతా మేమనుకున్నట్టే నడిచింది. మా ముందు ఆ కారు, దాని వెనక బంపరుకి బంపరు ఆనించి మేము, పోటీ కారు నాలుగైదు కార్ల వెనక. మేం గుంపు మధ్యలో ఎక్కడో ఉన్నాం. కెమెరాలన్నీ ముందున్నవాళ్ల మీదే. జనం కూడా అటే చూస్తున్నారు. చివర్లో గుంపు రెండు వరసలై వేగం పెరిగింది. ఎవరో కొంచెం ఊగారు. మా ముందున్న కారు వెంటనే లైను వదిలి కిందికి దిగిపోయింది. అది దిగగానే మా ముందు ఖాళీ, వెనకనుంచి నెట్టేవాడూ లేడు. బయటి వరసలో ఒంటరిగా చిక్కామంటే గాలిలో గోడకి గుద్దుకున్నట్టే. లోపలి వరస మొత్తం మమ్మల్ని దాటిపోయింది, పోటీ కారు కూడా అందులోనే. రేడియోలో మా స్పాటర్ గొంతు అప్పటిదాకా గబగబా ఉన్నది, ఒక్కసారిగా మామూలు మాటల్లోకి వచ్చేసింది. ఇంకా ల్యాపులున్నాయి. కానీ తెలిసిపోయింది.

నాకు ఎవరి మీదా కోపం రాలేదు గానీ ఈ నిబంధన మీద మాత్రం ఇప్పటికీ ఒక అభ్యంతరముంది. మూడో వేగమున్నవాడి రాతని, గెలవాల్సిన అవసరమే లేనివాడి చేతిలో పెడుతుంది. చూసేవాళ్లకి రంజుగా ఉంటుందనేది నిజమే. తర్వాత 2025లో ఇంకో మలుపు తెచ్చారు: ప్రపంచ స్థాయి పేరున్న డ్రైవరు వస్తే 41వ చోటు ఇవ్వొచ్చని. అమెరికాలోని ఇంకో పెద్ద రేసు ఇండీ 500ని నాలుగుసార్లు గెలిచిన ఎలియో కాస్ట్రోనెవెస్ డ్యుయల్‌లో కారు దెబ్బతిన్నా ఆదివారం ఆ చోటుతోనే పరిగెత్తాడు. ఆ ఏడాది టైము మీద మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్, జిమ్మీ జాన్సన్ వచ్చారు. డ్యుయల్స్ మీద జస్టిన్ ఆల్గయర్, కోరీ లజోయ్. నలుగురు ఇంటికెళ్లారు. కాస్ట్రోనెవెస్ గొప్పవాడే, కాదనను. కానీ 41వ చోటనేది పెట్టగలిగినప్పుడు, దాన్ని గడియారం చూసి ఇవ్వొచ్చు కదా అని మా క్రూ చీఫ్ నాతో అంటే, నేను తలూపాను.

ఆ గురువారం రాత్రి హాలర్‌లోకి, అంటే కారు మోసే లారీలోకి, కారు ఎక్కించేసరికి మిగతా గ్యారేజ్‌లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, వాళ్లకింకా పని ఉంది మరి. నేను సెలవు సోమవారం దాకా పెట్టుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మీటింగులో ఉన్నాను.

తర్వాత కొన్ని నెలలకి అదే కారుని ఇంకో ట్రాకుకి తీసుకెళ్లాం. అక్కడ మాతో కలిపి ఎంట్రీలు 38. క్వాలిఫైయింగ్‌లో మాకంటే నెమ్మదిగా ఎవరూ లేరు. ఆదివారం పచ్చజెండా ఊపినప్పుడు మేమూ పరిగెత్తాం.