ఇంటి నెట్ నుంచి క్లౌడ్ డేటాబేస్‌కి కనెక్ట్ కావడం: తిరుపతిలో నా అనుభవం

నిన్న రాత్రి డీబీవర్‌లో (డేటాబేస్‌ని తెరిచి చూసే టూల్) ‘కనెక్టెడ్’ అని పడింది. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నాను, ఆలస్యమైతే సగం వివరాలు జారిపోతాయి. తిరుపతి, చిత్తూరు వైపు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద పనిచేసే డెవలపర్లకి ఇది అక్కరకొస్తుంది.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి కొనుగోళ్ల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. తూకం చీటీలు, రైతుల బకాయిలు అన్నీ పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్‌లో ఉంటాయి. అది క్లౌడ్‌లో డేటాబేస్‌లు నడిపే అమెజాన్ ఆర్‌డీఎస్‌లో, ముంబై రీజియన్‌లో నడుస్తోంది. వెబ్ యాప్ కూడా అదే నెట్‌వర్క్‌లో ఉంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు. ఇంటి నుంచి నేను డీబీవర్‌తో, ఫ్యాక్టరీలో అకౌంటెంట్ ఎక్సెల్‌తో ఆ డేటాబేస్‌ని చూడాలి. కావాల్సింది అంతే.

ఎర్రర్ రాగానే పాస్‌వర్డ్ మార్చేవాళ్లని, టూల్ పీకేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లని రోజూ చూస్తుంటాను. అలా చేయకండి. ఎర్రర్ ఎంతసేపటికి వచ్చిందో, అందులో ఏ మాట ఉందో ముందు చూడండి. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్‌డ్ అవుట్’ అందంటే మీ ప్యాకెట్ దారిలోనే ఎక్కడో ఆగింది, సర్వర్‌కి మీరు వచ్చిన సంగతే తెలీదు. విండోస్‌లో దీని నంబరు 10060. వెంటనే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే, అంటే 10061 వస్తే, మెషీన్ దాకా వెళ్లారు కానీ ఆ పోర్టులో (ఒక్కో ప్రోగ్రామ్ వినే తలుపు నంబరు) ఎవరూ లేరు. పోర్టు నంబరు సరిచూసుకోండి: పోస్ట్‌గ్రెస్‌కి 5432, మైఎస్‌క్యూఎల్‌కి 3306, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433. ‘పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్’ అని వస్తే నిజానికి సంతోషించాలి, నెట్‌వర్క్ అంతా సరిగా ఉన్నట్టే. ఫలానా డేటాబేస్ లేదు అంటే, అమెజాన్ కన్సోల్‌లో (సెట్టింగ్స్ పేజీ) కనిపించే ఇన్‌స్టెన్స్ పేరుని, అంటే సర్వర్ పేరుని, డేటాబేస్ పేరు గడిలో రాశారన్నమాట. ఆ రెండూ వేరు. సృష్టించేటప్పుడు ప్రత్యేకంగా పేరు ఇవ్వకపోతే లోపల ఉండేది ‘పోస్ట్‌గ్రెస్’ అనే డేటాబేసే.

నాకు వచ్చింది టైమ్ అవుట్. అలాంటప్పుడు డీబీవర్‌ని పక్కన పెట్టి రెండు పరీక్షలు చేయాలి. మొదటిది కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ కొట్టి ఎండ్‌పాయింట్ పేరు, అంటే డేటాబేస్ సర్వర్‌కి కన్సోల్‌లో ఉన్న అడ్రస్ పేరు, ఇవ్వడం. ఆ పేరు వెనక ఉన్న ఐపీని అది చెబుతుంది. జవాబుగా 10తోనో 172.31తోనో మొదలయ్యే అడ్రస్ వస్తే అది ప్రైవేట్ అడ్రస్, బయటి నుంచి ఎంత కొట్టినా తెరుచుకోదు. ఆర్‌డీఎస్ సెట్టింగ్స్‌లో ‘పబ్లిక్లీ యాక్సెసిబుల్’ ఆఫ్‌లో ఉందని అర్థం. అది ఆన్ చేసినా చాలదు, డేటాబేస్ ఉన్న సబ్‌నెట్ (క్లౌడ్ నెట్‌వర్క్‌లో ఒక భాగం) రూట్ టేబుల్‌లో ఇంటర్నెట్ గేట్‌వేకి దారి ఉండాలి. రెండో పరీక్ష పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్, ఎండ్‌పాయింట్ పేరుతో, పోర్టు 5432 ఇచ్చి. చివర ‘టీసీపీ టెస్ట్ సక్సీడెడ్’ ఎదురుగా ట్రూ వస్తే దారి ఉంది, ఫాల్స్ వస్తే లేదు. పింగ్‌ని నమ్మకండి. సెక్యూరిటీ గ్రూప్‌లో (అమెజాన్ ఫైర్‌వాల్ రూల్స్) ఐసీఎంపీ, అంటే పింగ్ వాడే ప్రోటోకాల్, తెరవకపోతే డేటాబేస్ చక్కగా పనిచేస్తున్నా పింగ్‌కి జవాబు రాదు.

సెక్యూరిటీ గ్రూప్‌లో ఇన్‌బౌండ్ రూల్ పెట్టాను: పోర్టు 5432, సోర్స్ దగ్గర ‘మై ఐపీ’. కనెక్ట్ అయింది. సాయంత్రం వాన పడి కరెంటు పోయి వచ్చింది, మళ్లీ టైమ్ అవుట్. ఇక్కడి నుంచి మొదలైంది అసలు తంటా.

రౌటర్ ఆగి మళ్లీ లేస్తే ఐపీ మారుతుంది, అది అందరికీ తెలిసిందే. మారిన ఐపీని రూల్‌లో పెట్టినా కనెక్ట్ కాలేదు, అక్కడే బుర్ర తిరిగింది. బ్రౌజర్‌లో ‘నా ఐపీ ఎంత’ అని వెతికితే కోలన్లతో నిండిన పొడుగాటి అడ్రస్ వస్తోంది. అది ఐపీవీ6. డ్యూయల్ స్టాక్ (ఐపీవీ4, ఐపీవీ6 రెండూ) ఎంచుకోకపోతే ఆర్‌డీఎస్ ఐపీవీ4 మీదే వింటుంది, కాబట్టి ఆ పొడుగాటి అడ్రస్‌ని రూల్‌లో పెట్టి ప్రయోజనం లేదు. ఐపీవీ4 కావాలంటే అమెజాన్ వాళ్ల చెక్‌ఐపీ పేజీ తెరవండి, అందులో అది వస్తుంది. అదీ పెట్టి చూశాను. ఒకసారి కలుస్తుంది, ఇంకోసారి కలవదు. అదే ల్యాప్‌టాప్, అదే పాస్‌వర్డ్, అదే రూల్. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఐపీ చూసి రూల్ పెడితే మాత్రం గంటల తరబడి నిలిచింది.

రౌటర్ అడ్మిన్ పేజీలో వాన్ ఐపీ, అంటే ప్రొవైడర్ రౌటర్‌కి ఇచ్చిన ఐపీ, చూస్తే గుట్టు బయటపడింది. అది 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లు 2012లో ప్రొవైడర్ల వాడకానికి ప్రత్యేకంగా కేటాయించినవి. మీ రౌటర్‌కి అలాంటి అడ్రస్ వచ్చిందంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. ఒకే డోరు నంబరు మీద వీధి మొత్తానికి ఉత్తరాలు వచ్చినట్టు, ఒకే పబ్లిక్ ఐపీ మీద ఎన్నో ఇళ్లు బయటికి వెళ్తుంటాయి. ప్రొవైడర్ దగ్గర అలాంటి ఐపీల కట్ట ఒకటి ఉంటుంది. సరిగా అమర్చిన పరికరమైతే ఒక ఇంటి కనెక్షన్లన్నీ ఒకే పబ్లిక్ ఐపీ మీద పంపాలి. అలా అమర్చకపోతే చెక్‌ఐపీకి వెళ్లిన కనెక్షన్ ఒక ఐపీ మీద, డేటాబేస్‌కి వెళ్లిన కనెక్షన్ ఇంకో ఐపీ మీద వెళ్తాయి.

ఇది ఊహ కాదని తేల్చుకోవడానికి వీపీసీ (అమెజాన్‌లో మన సొంత నెట్‌వర్క్) ఫ్లో లాగ్స్, అంటే వచ్చిపోయే కనెక్షన్ల చిట్టా, ఆన్ చేశాను. ఆర్‌డీఎస్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ మీద, సమయం 10 నిమిషాలకి బదులు 1 నిమిషం ఎంచుకుని, లాగ్ క్లౌడ్‌వాచ్‌కి (అమెజాన్‌లో లాగ్‌లు చూసే చోటు) వెళ్లేలా. డీబీవర్‌లో టెస్ట్ కనెక్షన్ నొక్కి కాసేపు ఆగి చూస్తే, పోర్టు 5432కి ‘రిజెక్ట్’ అని వరుస పడి ఉంది. అందులో సోర్స్ అడ్రస్ చివరి అంకె చెక్‌ఐపీ చూపించిన అడ్రస్‌కి వేరుగా ఉంది. సర్వర్ నన్ను ఏ అడ్రస్‌గా చూస్తోందో చెప్పే నిఖార్సైన సాక్ష్యం అదే. ఫ్లో లాగ్ తెరిచే వీలు లేని మైఎస్‌క్యూఎల్ వాళ్లకి ఇంకో దారి ఉంది. అన్ని ఐపీలకీ తెరిచి ఉన్న టెస్ట్ సర్వర్ ఒకటి మీ చేతిలో ఉంటే, కావాలని తప్పుడు పాస్‌వర్డ్ కొట్టండి. 1045 ఎర్రర్‌లో యూజర్ పేరు పక్కన మీ ఐపీ కనిపిస్తుంది.

సాక్ష్యం ప్రింట్ తీసుకుని ప్రొవైడర్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు కాగితం వైపు చూడకుండానే తన ఫోన్ తీసి, “యూట్యూబ్ ఆడతా ఉంది చూడండి సార్, నెట్ బాగానే వస్తా ఉంది కదా?” అన్నాడు. నెట్ రావడం లేదని నేను అనలేదు, పబ్లిక్ ఐపీ కావాలి అన్నాను. “స్టాటిక్ ఐపీనా? సీసీ కెమెరాలకా సార్?” అన్నాడు. కాదు, డేటాబేస్‌కి అంటే పక్కనున్న పెద్దాయన, “ఈయనకి రీచార్జ్ అయిపోయిందేమో చూడు రా” అన్నాడు. బిల్లు కట్టడానికి వచ్చిన నలుగురూ నా వైపు తిరిగి చూశారు. నెలనెలా ఠంచనుగా డబ్బు కట్టే మనిషికి తన కనెక్షన్ సీజీనాట్‌లో ఉందని చెప్పడం వాళ్ల బాధ్యత. రసీదు మీద ఒక్క ముక్క రాస్తే చాలు, ఎంతోమంది పనివాళ్ల రోజులు మిగులుతాయి. కస్టమర్ అడిగినదానికి సమాధానం తెలియకపోతే తెలిసినవాళ్లని పిలవాలి కానీ నలుగురిలో తేలిక చేయకూడదు.

స్టాటిక్ ఐపీ తీసుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ‘ఇది నాకొక్కడికేనా, ఐపీవీ4 పబ్లిక్ అడ్రస్సేనా’ అని నోటితో అడిగి, ఇచ్చాక రౌటర్ వాన్ ఐపీ, చెక్‌ఐపీ చూపించే ఐపీ రెండూ ఒకటేనని సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి. మారకుండా ఉండే ప్రైవేట్ అడ్రస్ ఇచ్చి దాన్నే స్టాటిక్ అంటే ఒప్పుకోకండి.

నేను తీసుకోలేదు. విసుగెత్తి చాలామంది చేసే పని సోర్స్ దగ్గర 0.0.0.0/0, అంటే ఏ ఐపీ నుంచైనా రావచ్చని, పెట్టేయడం. అది చేయకండి. తెరిచిన పోర్టుల కోసం ప్రపంచమంతా బాట్‌లు పగలూ రాత్రీ వెతుకుతుంటాయి. ఆ డేటాబేస్‌లో ఉన్నవి రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు. సీజీనాట్‌లో ఉంటే మీ ఐపీ ఒక్కటే రాసినా అదే ఐపీ వాడే ఇళ్లన్నిటికీ ఆ పోర్టు తెరిచినట్టే, అది కూడా మరవకండి.

తేలిన దారి అమెజాన్ సెషన్ మేనేజర్ టన్నెల్: క్లౌడ్‌లోని మెషీన్ ఒకటి మధ్యవర్తిగా ఉండి డేటాబేస్‌కి దారి ఇస్తుంది. ‘పబ్లిక్లీ యాక్సెసిబుల్’ ఆఫ్ చేసేశాను. అదే వీపీసీలో అమెజాన్ లినక్స్ 2023తో చిన్న ఈసీ2 (క్లౌడ్ మెషీన్) ఒకటి పెట్టాను, సెషన్ మేనేజర్‌కి కావాల్సిన ఎస్‌ఎస్‌ఎం ఏజెంట్ అందులో ముందే ఉంటుంది. దానికి ‘అమెజాన్ ఎస్‌ఎస్‌ఎం మేనేజ్డ్ ఇన్‌స్టెన్స్ కోర్’ పాలసీ ఉన్న రోల్ (అనుమతుల మూట) తగిలించాలి. ఇన్‌బౌండ్ రూల్ ఒక్కటీ అక్కర్లేదు, బయటికి 443 పోతే చాలు. డేటాబేస్ సెక్యూరిటీ గ్రూప్‌లో 5432కి సోర్స్‌గా ఐపీ కాకుండా ఆ ఈసీ2 సెక్యూరిటీ గ్రూప్‌ని ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లో ఏడబ్ల్యూఎస్ సీఎల్ఐతో (అమెజాన్ కమాండ్ టూల్) పాటు సెషన్ మేనేజర్ ప్లగిన్ విడిగా వేసుకోవాలి, అది లేకపోతే కమాండ్ కదలదు. స్టార్ట్-సెషన్ కమాండ్‌కి ‘పోర్ట్ ఫార్వర్డింగ్ సెషన్ టు రిమోట్ హోస్ట్’ డాక్యుమెంట్, హోస్ట్‌గా ఆర్‌డీఎస్ ఎండ్‌పాయింట్, రిమోట్ పోర్టు 5432, లోకల్ పోర్టు 15432 ఇచ్చాను. లోకల్ పోర్టు 5432 ఇవ్వకండి, మీ మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్ ఉంటే రెండూ కొట్టుకుంటాయి. డీబీవర్‌లో హోస్ట్ లోకల్‌హోస్ట్, పోర్టు 15432. టన్నెల్ 443 మీద పోతుంది కాబట్టి 5432ని ఆపే ఆఫీస్ ఫైర్‌వాల్‌తోనూ గొడవ లేదు. ఇంటి ఐపీ ఎన్నిసార్లు మారినా రూల్ ముట్టుకోనక్కర్లేదు, కరెంటు పోయి వస్తే కమాండ్ మళ్లీ కొట్టడమే. ఆ ఈసీ2కి పబ్లిక్ ఐపీవీ4 ఇస్తే 2024 ఫిబ్రవరి నుంచి గంటకి 0.005 డాలర్ పడుతోంది, లెక్కలో వేసుకోండి.

తర్వాత ‘పీజీ హెచ్‌బీఏ కాన్ఫ్‌లో ఎంట్రీ లేదు, నో ఎన్‌క్రిప్షన్’ అని వచ్చింది. ఎవరు కనెక్ట్ కావచ్చో రాసి ఉండే సర్వర్ ఫైల్ అది. దాని కోసం వెతకకండి, ఆర్‌డీఎస్‌లో మీ చేతికి అందదు. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఆర్‌డీఎస్ ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్) లేని కనెక్షన్‌ని డిఫాల్ట్‌గానే ఒప్పుకోదు. డీబీవర్ ఎస్‌ఎస్‌ఎల్ ట్యాబ్‌లో మోడ్ ‘రిక్వైర్’ పెడితే కలుస్తుంది. సర్టిఫికెట్ కూడా సరిచూడాలంటే అమెజాన్ గ్లోబల్ బండిల్ ఫైల్ దించుకుని ‘వెరిఫై-సీఏ’ పెట్టండి. టన్నెల్‌లో ‘వెరిఫై-ఫుల్’ పనిచేయదు, సర్టిఫికెట్‌లో ఉన్నది ఎండ్‌పాయింట్ పేరు, మీరేమో లోకల్‌హోస్ట్ అంటున్నారు. ఫుల్లే కావాలనుకుంటే విండోస్ హోస్ట్స్ ఫైల్‌లో ఎండ్‌పాయింట్ పేరుకి 127.0.0.1 రాసి, డీబీవర్‌లో ఆ పేరే ఇవ్వాలి.

సెషన్ ఖాళీగా ఉంటే 20 నిమిషాలకి తెగిపోతుంది. సెషన్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో 60 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. డీబీవర్ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఇనిషియలైజేషన్ కింద కీప్-అలైవ్ 60 సెకన్లు పెడితే పని మధ్యలో ఊడదు.

అకౌంటెంట్ ఎక్సెల్‌ది ఒకటే చిక్కు. ఎక్సెల్ 32 బిట్ అయితే ఓడీబీసీ డ్రైవర్ (ఎక్సెల్‌ని డేటాబేస్‌తో కలిపేది) కూడా 32 బిట్ ఉండాలి, లేకపోతే ‘ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్’ అంటుంది. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఓడీబీసీ కిటికీ సిస్‌వావ్64 ఫోల్డర్‌లో, 64 బిట్‌ది సిస్టమ్32లో ఉంటాయి. పేర్లు తిరగేసినట్టున్నా నిజం అదే. టన్నెల్ కమాండ్ బ్యాచ్ ఫైల్‌గా ఆయన డెస్క్‌టాప్ మీద పెట్టాను. ఆయన ఐఏఎమ్ (అమెజాన్ లాగిన్) యూజర్‌కి ఆ ఒక్క ఈసీ2, ఆ ఒక్క డాక్యుమెంట్‌కి మాత్రమే అనుమతి ఉంది. డేటాబేస్‌లో ఆయనకి వేరే యూజర్, పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఉన్న ‘పీజీ రీడ్ ఆల్ డేటా’ రోల్‌తో. ఎక్సెల్‌లో ఏం నొక్కినా తూకం చీటీ ఒక్కటీ మారదు.