క్వాంటం డాట్ల తొడుగు ఒలిచాకే కరెంటు పెరిగింది: నా అనుభవం

పీహెచ్‌డీలో నాకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. పీ3హెచ్‌టీ అనే, కరెంటు పోనిచ్చే పాలిమర్‌లో కాడ్మియం సెలెనైడ్ క్వాంటం డాట్స్ (కొన్ని నానోమీటర్ల సైజు సెమీకండక్టర్ రేణువులు) కలిపి చేసే హైబ్రిడ్ సోలార్ సెల్ నుంచి ఇంకాస్త కరెంటు రాబట్టాలి. ఈ జోడీకి పేరు తెచ్చింది అమెరికాలో బర్కిలీలోని రసాయన శాస్త్రవేత్త అలివిసాటోస్ బృందం. గుండ్రటి డాట్స్‌కి బదులు పొడుగాటి నానోరాడ్స్ (కడ్డీల్లాంటి రేణువులు) వాడి, 2002లో 1.7 శాతం ఎఫిషియెన్సీ, అంటే పడిన వెలుగులో కరెంటుగా మారిన వంతు, చూపించారు.

వెలుగు పడగానే పాలిమర్‌లో ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంటగా పుడతాయి. ఆ జంట దాదాపు 10 నానోమీటర్లు తిరిగేలోపే డాట్ తగలాలి, లేకపోతే అక్కడే ఆరిపోతుంది. తగిలితే ఎలక్ట్రాన్ డాట్‌లోకి దూకి, ఒక డాట్ నుంచి ఇంకో డాట్‌కి మారుతూ అల్యూమినియం ఎలక్ట్రోడ్ దాకా వెళ్లాలి. చిక్కంతా ఈ నడకలోనే ఉంది. ఫ్లాస్కులోంచి వచ్చిన డాట్ చుట్టూ ఒలీయిక్ ఆమ్లం పొర ఉంటుంది. 18 కార్బన్ల పొడుగు గొలుసు అది, కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు లాంటిదే. ఉంటే కరెంటు దాటదు, తీసేస్తే డాట్స్ ముద్దకట్టి ద్రావణంలో నిలవవు.

అందుకే నా సమయంలో ఎక్కువ భాగం ఈ తొడుగు మార్చడానికే పోయింది. డాట్స్‌ని పిరిడిన్‌లో వేసి, నైట్రోజన్ కింద రాత్రంతా మరిగిస్తాం. పిరిడిన్ చిన్న అణువు, పైగా గట్టిగా అంటుకోదు, తర్వాత వేడికి వదిలిపోతుంది. పొద్దున హెక్సేన్ పోయగానే తేటగా ఉన్న ఎర్రటి ద్రావణం క్షణంలో మసకబారుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే డాట్స్ అడుగున చేరతాయి. యూవీ టార్చి వేసి చూస్తే ముందున్న ఎర్రటి మెరుపు బాగా తగ్గిపోయి కనిపిస్తుంది. ఎల్ఈడీలు చేసేవాళ్లకి అది బాధ, మాకు మాత్రం తొడుగు మారిందనడానికి తొలి గుర్తు. ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రంలో ఒలీయిక్ ఆమ్లం గొలుసు చూపించే, సెంటీమీటరుకి 2900 తరంగాల దగ్గరి శిఖరాలు తగ్గితే నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ అతి చేయకూడదు. మరీ ఎక్కువసార్లు కడిగితే డాట్ ఉపరితలం దెబ్బతిని, ఎలక్ట్రాన్లు ఆ లోపాల్లో ఇరుక్కుపోతాయి. నాకు బాగా టెన్షన్ పెట్టింది ఈ హద్దు పట్టుకోవడమే.

పాలిమర్‌తో కలిపేటప్పుడు బరువులో 90 శాతం దాకా డాట్సే ఉంటాయి. వినడానికి విడ్డూరమే గానీ, కాడ్మియం సెలెనైడ్ పాలిమర్ కంటే ఐదు రెట్లకు పైగా సాంద్రమైనది కాబట్టి ఘనపరిమాణంలో అది మూడింట రెండు వంతులే. స్పిన్ కోటింగ్ (గాజుపలకని గిరగిరా తిప్పి ద్రావణాన్ని పలచటి పొరగా పరచడం) అయ్యాక గాజుపలకని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి చూసేదాన్ని. ముదురు ఎరుపు పొరలో లైటు గీత సూటిగా కనిపిస్తే సరే. మధ్యలోంచి తోకచుక్కల్లా చారలు లేచాయంటే డాట్స్ ముద్దకట్టినట్టే, దాన్ని కొలవడం కూడా దండగ.

అసలు మార్పు రెండు పనులతో వచ్చింది. గాలి చొరబడని గ్లవ్ బాక్స్‌లో పొరని పిరిడిన్ మరిగే 115 డిగ్రీల కంటే ఎక్కువ వేడి చేయడం ఒకటి. ఆ తర్వాత పలచటి ఈథేన్‌డైథయాల్ ద్రావణంలో కాసేపు ముంచడం రెండోది. రెండే కార్బన్ల అణువు కాబట్టి డాట్స్ మరింత దగ్గరకి జరుగుతాయి. దాని కంపు భరించలేం, ఫ్యూమ్ హుడ్ దాటి బయటికి రానివ్వకూడదు. అదివరకు ఏటవాలు గీతలా వచ్చే కరెంటు-వోల్టేజీ రేఖ ఇప్పుడు మోకాలులా వంగింది. వోల్టేజీ పెద్దగా మారలేదు. కరెంటూ, ఫిల్ ఫ్యాక్టరూ (ఆ రేఖ ఎంత చతురస్రంగా ఉందో చెప్పే కొలత) పెరిగాయి.

పెరోవ్‌స్కైట్ అనే ఇంకో రకం పదార్థంతో చేసే సెల్స్ 25 శాతం దాటిన ఈ రోజుల్లో ఇంకా దీన్ని పట్టుకుని ఎందుకు అని చాలామంది అడుగుతారు. డాట్ ఉపరితలాన్ని ఇలా చేత్తో పట్టుకున్నట్టు అర్థం చేసుకోగలిగే చోటు నాకు ఇంకోటి దొరకలేదు. పైగా డాట్స్‌తో ఎవరు ఏ పరికరం చేసినా తొడుగు సమస్య దాటాల్సిందే. 2010లో అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ల్యాబ్ వాళ్లు నాలుగు కాళ్ల టెట్రాపాడ్స్‌నీ, ఎరుపు దాటి పరారుణం దాకా వెలుగు పట్టే ఇంకో పాలిమర్‌నీ కలిపి 3 శాతం దాటించారు. టెట్రాపాడ్ కాలు వెంబడి ఎలక్ట్రాన్‌కి దూకుళ్లు తగ్గుతాయి. నా తర్వాతి బ్యాచ్ వాటితోనే, ఇదే థయాల్ పద్ధతిలో.