పది ప్లగ్గులు, రెండు ఉదయాలు

మా మోటార్‌హోమ్‌కి (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) స్పార్క్ ప్లగ్గులు, అంటే నిప్పురవ్వతో ఇంధనాన్ని మండించేవి, మార్చడం నిన్నటికి పూర్తయింది. 6.8 లీటర్ల ఫోర్డ్ వి10, అంటే పది సిలిండర్లు, పది ప్లగ్గులు. టెక్సస్ ఎండకి జడిసి తెల్లారకముందే మొదలుపెట్టాను. రాత్రంతా ఇంజిన్ చల్లారడం కూడా ముఖ్యమే. ప్లగ్గులు బిగించే హెడ్, అంటే ఇంజిన్ పైభాగం, అల్యూమినియంది, వేడి మీద ప్లగ్ తిప్పితే మరలు దెబ్బతింటాయి.

ప్లగ్ మొన ఇరిడియందా, ప్లాటినందా అని వారం రోజులు ఆలోచించాను. చివరికి మాన్యువల్లో ఉన్న ప్లాటినమే తెచ్చాను. గ్యాప్, అంటే రవ్వ దూకే సందు, 0.052 నుంచి 0.056 అంగుళాలు. కొత్తవే అయినా ఒక్కోటీ కొలిచాను, రెండు తేడాగా ఉన్నాయి.

ముందువి బయటి నుంచే అందాయి. వెనకవాటికి మాత్రం బండి లోపల సీట్ల మధ్య ఇంజిన్ మూత తీసి, బోర్లా పడుకుని చెయ్యి దూర్చాల్సి వచ్చింది. మా ఆవిడ గంటసేపు టార్చి పట్టుకుని నిలబడింది, ఆమె లేకపోతే అయ్యేది కాదు.

ప్లగ్గులు కూర్చునే గుంటల్లో దుమ్ము గాలితో ఊదేశాకే పాతవి విప్పాను, లేదంటే ఆ ఇసుకంతా సిలిండర్లోకే. కొత్తవాటిని రబ్బరు గొట్టానికి దోపి తిప్పాను. మర అడ్డంగా ఎక్కబోతే గొట్టం జారి ముందే తెలిసిపోతుంది. ఆఖర్న, సరైన బిగువుకే బిగించే టార్క్ రెంచి.

పాతవాటిలో తొమ్మిది లేత గోధుమరంగులో ఉన్నాయి. ఒకదాని పింగాణీ మీద మాత్రం సన్నటి నల్ల చార, అంటే కరెంటు మొన దాకా చేరకుండా పక్కకి కారిపోయిన గుర్తు. ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో కుదుపు ఎందుకొచ్చేదో అప్పుడర్థమైంది. ఈ ఉదయం ఎత్తురోడ్డు మీద నడిపి చూశాను. కుదుపు లేదు.