మా నాన్న కారులో స్పీడోమీటరు ముల్లు మళ్లీ లేచింది – నా అనుభవం

మా ఇంట్లో 1996 మోడల్ మారుతి 800 ఉంది. కార్బ్యురేటర్ బండి, ఏపీ 16 నంబరు. నాన్న కొన్న మొదటి కారు అదే, ఆఖరి కారూ అదే. మూడు నెలల కిందట దాని స్పీడోమీటరు ముల్లు వణకడం మొదలైంది. 30 దగ్గర నిలబడాల్సింది కాస్తా 20కీ 50కీ మధ్య ఊగిపోయేది, డాష్‌బోర్డు వెనక నుంచి టిక్‌టిక్‌మని చప్పుడు కూడా వచ్చేది. ఒకరోజు విజయవాడ బెంజి సర్కిల్ దాటాక సున్నా మీద పడుకుంది, ఇక లేవలేదు. కిలోమీటర్ల అంకెలు కూడా 97 వేల చిల్లర దగ్గర ఆగిపోయాయి.

బండి నడుస్తోంది కదా అని కొన్నాళ్లు ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని తిరిగాను. కానీ ఇంజనాయిల్ ఎప్పుడు మార్చాలో, లీటరుకి ఎంత ఇస్తోందో ఏదీ తెలియడం లేదు. దానికి తోడు ఆర్‌సీ గడువు దగ్గర పడింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఫారం 25 పెట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, బండిని తీసుకెళ్లి చూపించాలి. ముల్లు లేవని బండిని ఎలా చూపిస్తాం? అదే టెన్షన్.

మొదట వెళ్లిన షెడ్డులో ఏమీ విప్పకుండానే "మీటరు పోయిందండీ, కొత్తది దొరకదు, పాత సామాన్ల కొట్టు నుంచి 1,500కి తెప్పిస్తా" అన్నారు. తెప్పించారు కూడా. చూస్తే అందులో 41 వేల కిలోమీటర్లే ఉంది. "తక్కువుంటే మీకే మంచిది, అమ్మేటప్పుడు రేటొస్తుంది" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. రేపు కొనేవాడిని మోసం చేయడం అది. పైగా ఆ 97 వేలల్లో తిరుపతి ప్రయాణాలున్నాయి, అక్క పెళ్లి పనులున్నాయి, అమ్మను ఆసుపత్రికి తిప్పిన రాత్రులున్నాయి. తాళాలు తీసుకుని వచ్చేశాను.

పాత బండి ఉన్నవాళ్లు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ముల్లూ అంకెలూ రెండూ ఒకేసారి ఆగిపోతే ముందు కేబుల్ని అనుమానించాలి, మీటర్ని కాదు. గేర్‌బాక్సులో ఉన్న చిన్న గేరు ఈ కేబుల్ని తిప్పుతుంది, కేబుల్ మీటర్లో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, ఆ అయస్కాంతం తాకకుండానే పక్కనున్న అల్యూమినియం గిన్నెను లాగుతుంది, దానికి అతికిన ముల్లు సన్నటి స్ప్రింగుకి ఎదురు లేస్తుంది. అంకెల చక్రాలు తిరిగేది కూడా ఆ కేబుల్ మీదే. ముల్లు బాగానే లేస్తూ అంకెలు మాత్రం ఆగితే అప్పుడు లోపలి పళ్ల చక్రాలు చూడాలి.

ఆటోనగర్లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "మీటరు జోలికి ఇప్పుడే వద్దు బాబూ" అని మీటరు వెనక నుంచి కేబుల్ కొస ఊడదీసి, ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, గేరు న్యూట్రల్లో పెట్టి, నన్ను చేత్తో చక్రం తిప్పమన్నాడు. తిప్పాను. కొస కదల్లేదు. "చూశావా, ఇక్కడిదాకా తిరుగుడే రావట్లేదు." పైనుంచి లోపలి తీగ లాగితే సగమే చేతికొచ్చింది. పురి విడిపోయి, కొస చీపురు పుల్లల్లా విచ్చుకుని, ఎర్రటి తుప్పు పట్టి ఉంది. గ్రీజు తడి అనేదే లేదు. కింద గేర్‌బాక్సు దగ్గర గేరు పళ్లు కూడా చూశాడు, బాగానే ఉన్నాయి.

కొత్త కేబుల్ 350 రూపాయలు. బిగించే ముందు లోపలి తీగకి వేళ్లతో పల్చగా గ్రీజు రాశాడు కానీ మీటరు వైపు జానెడు మేర పొడిగా వదిలేశాడు. "ఎందుకు బాబాయ్, మొత్తం రాయొచ్చుగా" అన్నా. "తిరిగేకొద్దీ గ్రీజు పైకి పాకుద్ది, మీటర్లోకి పోతే ముల్లు అతుక్కుపోద్ది" అన్నాడు.

బయటికి తీస్తే ముల్లు లేచింది, కానీ 40 దాటాక మళ్లీ వణుకు! నాకు గుండె జారింది. వెనక్కి తెచ్చి చూస్తే డాష్‌బోర్డు వెనక కేబుల్ మోచేయిలా వంగి ఉంది, పాతది తెగింది కూడా అక్కడేనట. ఆయన క్లిప్పు విప్పి, కాస్త ఎక్కువ నిడివి లోపలికి లాగి, గుండ్రంగా తిరిగేలా మళ్లీ కట్టాడు. ఈ పనికే గంట పట్టింది. కూలీ 400 తీసుకున్నాడు.

సాయంత్రం నాన్నను ఎక్కించుకుని వారధి మీదుగా గుంటూరు వైపు వెళ్లాను. జీపీఎస్ 60 అంటే ముల్లు 63 చూపించింది. మీటరు కాస్త ఎక్కువ చూపించినా ఫర్వాలేదు, నిజం వేగం కన్నా తక్కువ మాత్రం చూపించకూడదు. నాన్నకి ఫోను లెక్క నచ్చలేదు, చేతి గడియారం చూస్తూ కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాడు. ఒక రాయి నుంచి ఇంకో రాయికి సరిగ్గా నిమిషం పడితే అరవై అన్నమాట. "యాభై తొమ్మిది సెకన్లురా" అన్నాడు. ఇంటికొచ్చాక ఆర్‌సీ ఫైల్లో ఒక కాగితం పెట్టాను: మీటరు దాదాపు మూడు నెలలు ఆగింది, సుమారు 900 కిలోమీటర్లు ఇందులో లెక్కకు రాలేదు, మార్చింది కేబుల్ మాత్రమే, మీటరు పాతదే. కింద నాన్న సంతకం పెట్టి తేదీ వేశాడు.