వెనక టైర్లకు పట్టు లేదా? స్ప్రింగులు కొనే ముందు ఇవి చూడండి

రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే వెనక చక్రాలు గిర్రున తిరుగుతాయి, ట్రాక్షన్ కంట్రోల్ లైటు మినుకుమంటుంది. అప్పుడు చాలామంది మొదట కొనేవి కారును కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు, ఆ తర్వాత లావుపాటి వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ). ముందు ఇంజిన్, వెనక చక్రాల డ్రైవ్, నాలుగైదు వందల హార్స్‌పవర్ ఉన్న కారులో ఈ రెండూ కలిస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. పని నేల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి: టైరు, గాలి, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరుండే రబ్బరు దిమ్మలు), అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు), డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు). స్ప్రింగుల వంతు ఆఖరున.

ఎంత తేడాతో చక్రం జారుతోందో ఒకసారి లెక్క వేద్దాం. కారు బరువు 1,600 కేజీలు, అందులో 47 శాతం వెనక ఇరుసు మీద, వీల్‌బేస్ 2.7 మీటర్లు, గరిమనాభి నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకోండి. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 1.0 అయితే, వేగం పెరిగేటప్పుడు వెనక్కి వాలే బరువును కూడా కలుపుకుని వెనక టైర్లు ఇవ్వగల తోపుడు బలం దాదాపు 920 కేజీలు. ఇక ఇంజిన్ 500 న్యూటన్ మీటర్లు, రెండో గేరు నిష్పత్తి 2.1, ఫైనల్ డ్రైవ్ 3.55, దారిలో నష్టం 12 శాతం, టైరు వ్యాసార్థం 33 సెంటీమీటర్లు అనుకుంటే చక్రం దగ్గరికి చేరేది సుమారు 1,010 కేజీలు. అంటే తొంభై కేజీలు ఎక్కువ, టైరు జారక తప్పదు. అదే గుణకం 1.1 అయితే హద్దు 1,040 కేజీల దాకా పోతుంది, రెండో గేరు నిలబడుతుంది. పట్టు పది శాతం పెరిగితే హద్దు పన్నెండు శాతానికి పైగా పెరగడం గమనించారా? కారు ఎంత గట్టిగా దూకితే వెనక అంత బరువు పడుతుంది కాబట్టి. మొదటి గేరు సంగతి వేరు. అక్కడ 1,700 కేజీలు దాటుతుంది, మామూలు రోడ్డు టైరుతో ఏం చేసినా ఆగదు, పాదమే ఆపాలి.

టైరు పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రెడ్ సగం మిగిలి ఉన్నా ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోతుంది. స్పోర్ట్స్ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి ఈ మోసం వీటిలోనే ఎక్కువ: చూడటానికి కొత్త టైరు, పట్టులో చెక్క. ట్రెడ్‌వేర్ అంకె (ఎంత పెద్దదైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుంది) 300 దగ్గర ఉండే సమ్మర్ టైర్ల నుంచి 200 రకానికి మారితే పొడి రోడ్డు మీద తేడా తొలిరోజే తెలుస్తుంది. కానీ ఆ అంకె ఎవరి టైరుకు వాళ్లే పరీక్షించి వేసుకునేది. ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి పనికొస్తుంది గానీ, రెండు కంపెనీల మధ్య పెద్దగా నమ్మకండి. 100, అంతకన్నా తక్కువ రకాలు వేడెక్కితేనే పట్టుకుంటాయి, నిలిచిన నీళ్ల మీద భయపెడతాయి. చలి 7 డిగ్రీల కిందికి పోతే ఏ సమ్మర్ టైరూ సరిగ్గా పనిచేయదు.

వెడల్పు పెంచేటప్పుడు రిమ్మును మర్చిపోతారు. 305/30 ఆర్19 టైరుకు (వెడల్పు 305 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 30 శాతం, రిమ్ము వ్యాసం 19 అంగుళాలు) 10.5 నుంచి 11.5 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. దాన్ని 9.5 మీద ఇరికిస్తే ట్రెడ్ మధ్యలో ఉబ్బి, అంచులు నేలను సరిగ్గా తాకవు. 275 వెడల్పు టైరు సరైన రిమ్ము మీద ఉంటే ఇంతకన్నా బాగా పట్టుకుంటుంది. ఇంకో లెక్క: అదే 19 అంగుళాల రిమ్ము మీద 275/35 నుంచి 305/30కి మారితే టైరు ఎత్తు 675 మిల్లీమీటర్ల నుంచి 666కి తగ్గుతుంది. ముందు, వెనక టైర్ల నిష్పత్తి ఫ్యాక్టరీ ఇచ్చినదానికి దూరం జరిగేకొద్దీ ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ తికమక పడతాయి.

గాలి సంగతి ఖర్చు లేని పని. డోరు స్టిక్కరు మీది అంకెతో మొదలుపెట్టండి. టైరు లోపలి వేడి 5–6 డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు 1 పీఎస్ఐ పెరుగుతుంది, కాబట్టి ట్రాక్ మీద లెక్క వేడి టైరుతోనే చూడాలి. సూది గుచ్చే పైరోమీటర్‌తో ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడినే చూపిస్తుంది, కారు పిట్‌లో ఆగేలోపే అది చల్లారిపోతుంది. మధ్యలో ఎక్కువ వేడి ఉంటే గాలి ఎక్కువైనట్టు, రెండు అంచులూ మధ్య కన్నా వేడిగా ఉంటే తక్కువైనట్టు. ఒక్కో పీఎస్ఐ చొప్పున మార్చండి. పట్టు కోసమని మామూలు రోడ్డు మీద గాలి బాగా దించి వేగంగా పోవడం మాత్రం వద్దు. పక్కగోడ వేడెక్కి పగులుతుంది.

అసలు గొడవంతా చాలా కార్లలో బుష్‌ల దగ్గరే ఉంటుంది. కారు బయల్దేరేటప్పుడు వెనక నుంచి దడదడమని సుత్తితో కొట్టినట్టు వస్తే అది వీల్ హాప్. టైరు మెలితిరుగుతుంది, మెత్తటి రబ్బరు బుష్‌ల మీద సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ను మోసే చట్రం), డిఫరెన్షియల్ (బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేరుపెట్టె) కూడా మెలితిరుగుతాయి. పట్టు తెగగానే అన్నీ వెనక్కి విడుచుకుంటాయి, టైరు మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ మెలిక. ఆ దెబ్బలకు యాక్సిల్ షాఫ్టులు విరుగుతాయి. దడ మొదలైతే కాలు తీసేయడమే, తొక్కిపట్టి దాటిద్దామనుకోకండి. 2015లో ఫోర్డ్ మస్టాంగ్ ఇండిపెండెంట్ వెనక సస్పెన్షన్‌కి (రెండు చక్రాలూ వేటికవే కదిలేది) మారాక ఇది పెద్ద చర్చయింది. సబ్‌ఫ్రేమ్‌ను కదలకుండా బిగించే లాకౌట్ కిట్లు ఆ కారుకు అన్ని రకాలు రావడం అందుకే.

కారును స్టాండ్ల మీద నిలబెట్టి, సబ్‌ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య గడ్డపలుగు లాంటి ప్రై బార్ పెట్టి తిప్పండి. బుష్‌లో రబ్బరు చీలి కనిపించినా, సబ్‌ఫ్రేమ్ తేలిగ్గా జరిగినా మార్చాల్సిందే. ముందు సబ్‌ఫ్రేమ్ బుష్‌లు, తర్వాత డిఫరెన్షియల్ బుష్‌లు, ఆ తర్వాతే ఆర్మ్‌లు (చక్రాన్ని సబ్‌ఫ్రేమ్‌కు కలిపే కడ్డీలు). మొదటి రెండు చోట్లా రబ్బరు కన్నా గట్టిదైన పాలీయురెథేన్ (పాలీ) చక్కగా సరిపోతుంది, కాస్త గేరు మోత లోపలికి వస్తుంది. ఆర్మ్‌ల సంగతి అలా కాదు. రెండు మూడు దిక్కుల్లో తిరగాల్సిన ఆర్మ్‌కు పాలీ వేస్తే బిగుసుకుపోతుంది, సస్పెన్షన్ కదలక చక్రం గతుకుల మీద ఎగురుతుంది. అక్కడ అన్ని దిక్కులా తిరిగే స్ఫెరికల్ బేరింగ్ వేయాలి, లేదా కొత్త రబ్బరే వేయాలి. పాలీకి కిట్‌తో వచ్చిన గ్రీజే రాయండి, లేకపోతే నెలలోపే కిచకిచ మొదలవుతుంది. బీఎండబ్ల్యూ ఈ46 లాంటి కార్లలో సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీ రేకు చీలడం తెలిసిందే. అక్కడ చీలిక ఉందేమో చూడకుండా గట్టి బుష్‌లు వేస్తే ఆ చీలిక పెరుగుతుంది.

రబ్బరు బుష్ వేస్తే బోల్టు చివరి బిగింపు చక్రం గాలిలో వేలాడుతుండగా చేయకూడదు. పని మొదలుపెట్టకముందే, కారు నేల మీద ఉన్నప్పుడు, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు టేపుతో కొలిచి రాసుకోండి. బిగించేటప్పుడు హబ్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్ వాడండి. చాలా బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడుతుండగా బిగిస్తే కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, కొత్త బుష్ కొన్నాళ్లకే చీలుతుంది. గ్యారేజీల్లో అందరికన్నా ఎక్కువగా ఎగ్గొట్టే పని ఇదే.

బుష్‌లు మార్చాక అలైన్‌మెంట్ తప్పనిసరి. సగం ఇంధనం, డ్రైవరు సీట్లో డ్రైవరంత బరువు పెట్టించండి. వెనక ఒక్కో చక్రానికి 0.10 నుంచి 0.20 డిగ్రీల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం), క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలితే మైనస్) రోడ్డుకు మైనస్ 1.2 నుంచి 1.5, ట్రాక్‌కు మైనస్ 2 దాకా మొదలుపెట్టడానికి మంచి అంకెలు. వెనక టో-అవుట్ (ముందు అంచులు బయటికి తిరగడం) ఏ కొంచెం ఉన్నా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా కారు తోక ఊపుతుంది. క్యాంబర్ మరీ ఎక్కువైతే నేరుగా దూకేటప్పుడు టైరు లోపలి అంచు మీదే నిలబడుతుంది. కారును 30 మిల్లీమీటర్లు దించితే ఈ అంకెలన్నీ మారిపోతాయి.

దించిన కారులో డ్యాంపర్ రాడ్డుకు ఒక ప్లాస్టిక్ జిప్ టై వదులు లేకుండా చుట్టి, సీల్ దాకా జరిపి, ఓ చుట్టు వెళ్లి రండి. ఆ టై పైకి పోయి బంప్ స్టాప్‌కు (సస్పెన్షన్ కదలికను చివర ఆపే దిమ్మకు) ఆనుకుని ఉంటే సస్పెన్షన్ మొత్తం అయిపోతోందన్నమాట. మలుపు మధ్యలో బంప్ స్టాప్ తగిలితే వెనక స్ప్రింగు ఒక్కసారిగా రాయవుతుంది, కారు చెప్పకుండా తిరుగుతుంది. అలాంటప్పుడు కారును కాస్త పైకి లేపండి, లేదా పొట్టి బాడీ ఉన్న డ్యాంపర్ వేయండి. బంప్ స్టాప్ కోసేయడం మందు కాదు.

అడ్జస్టబుల్ డ్యాంపర్ అయితే నాబ్‌ను పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టండి. ఎడమా కుడీ ఒకే అంకె. వెనక కంప్రెషన్ (డ్యాంపర్ నొక్కుకునేటప్పటి బిగువు) రెండేసి క్లిక్కులు వదులు చేస్తూ చూడండి. ముందు డ్యాంపర్ల రీబౌండ్ (తిరిగి సాగేటప్పటి బిగువు) మరీ బిగుతుగా ఉంటే ముక్కు లేవదు, వెనక్కి బరువు ఆలస్యంగా వస్తుంది. అదీ ఒకసారి చూడాలి. వెనక యాంటీ రోల్ బార్‌కు రంధ్రాలుంటే చివరి రంధ్రంలోకి మార్చండి, లివర్ పొడవు పెరిగి బార్ మెత్తబడుతుంది. బార్ గట్టిగా ఉంటే మలుపులో లోపలి వెనక చక్రం తేలికవుతుంది. ఓపెన్ డిఫరెన్షియల్ అయితే బలమంతా ఆ చక్రంలోనే గిర్రున పోతుంది. గేర్లతో బలం పంచే టోర్సెన్ రకం డిఫరెన్షియల్ కూడా ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే చేతులెత్తేస్తుంది, ప్లేట్ల ఎల్ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) మాత్రం ఇంకా కొంత లాగుతుంది.

ఒకసారికి ఒకటే మార్చి చూడండి, చక్రాల నట్లను 80–100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్క్ చేయండి. చక్రం జారడం ఆగాక, ఇన్నాళ్లూ టైరు దగ్గర ఆవిరైన బలమంతా క్లచ్, యాక్సిల్ షాఫ్టుల మీద పడుతుంది. మూడో గేరులో ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే జారుతున్నది క్లచ్చే. యాక్సిల్ షాఫ్టు చివర్లలోని సీవీ జాయింట్ల రబ్బరు తొడుగుల (బూట్ల) చుట్టూ గ్రీజు చిమ్మిన మరక ఉందేమో కారు లిఫ్టు మీద ఉన్నప్పుడే చూసుకోండి.