పాపకు తొలి ముద్ద

మా పాపకు ఆరు నెలలు నిండాకే సింహాచలం అప్పన్న సన్నిధిలో అన్నప్రాశన చేయించాము. నాలుగో నెలలోనే ఉగ్గు మొదలుపెట్టమని ఇంట్లో పెద్దలు చెప్పినా, 180 రోజుల వరకు తల్లిపాలే చాలునన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనకే నేను కట్టుబడ్డాను. ఆ తరువాత పాలు మాత్రమే సరిపోవు. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు అప్పటికి తరిగిపోతాయి కనుక, బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పట్టించిన ఉగ్గును, చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా ఉడికించి మొదట రెండు మూడు చెంచాలు పెట్టి, కొద్ది రోజులకే గుడ్డు పచ్చసొన, ముళ్లు ఏరిన మెత్తని చేప కూడా అలవాటు చేశాను. నీళ్లలా పలుచన చేస్తే కడుపు నిండుతుంది గాని బలం చేరదు. తేనె మాత్రం ఏడాది నిండేవరకు నాకించవద్దు. అందులో ఉండగల బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో విషాన్ని పుట్టించే ప్రమాదముంది. ఈ ఒక్క విషయంలో మా అత్తగారికి నచ్చజెప్పడానికి ఎంతో ఓపిక పట్టవలసి వచ్చింది, పట్టాను.