ముప్పై శాతం దగ్గరే ఆరిపోయే స్విచ్: నా అనుభవం

మా ఇంట్లోని నింటెండో స్విచ్ (చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) 2018లో సింగపూర్ నుంచి ఒక స్నేహితుడు తెచ్చిపెట్టినది. నేను ఆడటం తగ్గించాక మా అక్క కొడుకు చేతికి వెళ్ళింది. వాళ్ళు వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటారు, నేను గాజువాకలో. అందుకని దాని బాగోగులు నాకు ఫోన్లోనే తెలిసేవి. మొదట్లో "రెండు గంటలు కూడా రావట్లేదు మావయ్యా" అనేవాడు. ఎండాకాలం సెలవులు వచ్చేసరికి ఫిర్యాదు మారింది: "ముప్పై శాతం చూపిస్తూనే టప్పున ఆరిపోతోంది. ఛార్జర్ పెట్టి ఆన్ చేస్తే మళ్ళీ ముప్పై దగ్గరే ఉంటోంది." మా బావగారు అప్పటికే తీర్పు చెప్పేశారు. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తాడు, బ్యాటరీ ఉడికిపోయింది, ఇంక ఎవరూ నన్ను కొత్తది అడగొద్దు.

బావగారి మాటలో సగం నిజముంది, అది తర్వాత చెప్తాను. ముందు ఆ ముప్పై శాతం సంగతి. లిథియం అయాన్ బ్యాటరీకి వయసు మీదపడే కొద్దీ రెండు మార్పులొస్తాయి. పట్టే ఛార్జి తగ్గుతుంది, లోపలి నిరోధం (కరెంటుని అడ్డుకునే గుణం) పెరుగుతుంది. మొదటిది అందరికీ తెలుసు. మనల్ని సతాయించేది రెండోది. బరువైన గేమ్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే, నిరోధం పెరిగిన బ్యాటరీలో వోల్టేజీ ఆ క్షణానికి జారిపోతుంది, మెషీన్ ఆగిపోతుంది. బావిలో నీళ్ళున్నాయి, పంపుకే ఊపిరి లేదు. మావాడి స్విచ్ చదరంగంలాంటి తేలిక ఆట పెడితే పది శాతం దాకా బాగానే వచ్చేది, కొండలెక్కి పరిగెత్తే పెద్ద గేమ్ పెడితేనే ముప్పైలో పడిపోయేది. ఆ తేడా చూశాకే బ్యాటరీ మీద నా అనుమానం బలపడింది.

అయినా మార్పించే ముందు కొలిచి చూద్దామనుకున్నాను. ఎందుకంటే మావాడి ఫిర్యాదులో ఇంకో ముక్క ఉంది: "మా ఫ్రెండుదైతే ఐదు గంటలొస్తుంది." దీనికి జవాబు బ్యాటరీలో లేదు, స్విచ్ అడుగున ఉన్న సీరియల్ నంబరులో ఉంది. మాది ఎక్స్‌ఏడబ్ల్యూతో మొదలవుతుంది, అంటే 2017 నాటి తొలి మోడల్. కొత్తగా ఉన్నప్పుడే దానికి కంపెనీ చెప్పిన లెక్క రెండున్నర నుంచి ఆరున్నర గంటలు. 2019 ఆగస్టులో వచ్చిన మార్పు మోడల్ నంబరు ఎక్స్‌కేడబ్ల్యూతో మొదలవుతుంది, దాని లెక్క నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు. తమాషా ఏమిటంటే రెండింట్లోనూ బ్యాటరీ ఒకటే, 4310 ఎంఏహెచ్, అంటే 16 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే మొత్తం శక్తికి కొలత). మారింది లోపలి చిప్. 20 నానోమీటర్ల తయారీ నుంచి 16కి వచ్చేసరికి అదే పనికి తక్కువ కరెంటు చాలింది. కాబట్టి మాదానికి ఎంత మంచి బ్యాటరీ వేయించినా, బరువైన గేమ్‌లో ఫ్రెండు దానితో సరితూగదు. ఈ మాట ముందే చెప్పి వాడి ఆశ కొంచెం తగ్గించాను.

తర్వాత ఛార్జర్. అసలు అడాప్టరు ఎప్పుడో అటకెక్కింది, వాడుతున్నది ఇంట్లోని ఫోన్ ఛార్జర్. దాని మీద పెద్ద అక్షరాలతో అన్ని వాట్లు, ఇన్ని వాట్లు అని రాసి ఉంది. ఆ వాట్లన్నీ ఆ కంపెనీ ఫోన్‌కే. ఫోన్ కంపెనీల సొంత ఫాస్ట్ ఛార్జింగ్ భాష స్విచ్‌కి అర్థం కాదు, దానికి తెలిసింది యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఉమ్మడి భాష. ఆ భాష రాని ఛార్జర్ పెడితే మామూలు 5 వోల్టులకి పడిపోతుంది. స్విచ్ అడాప్టరు మీద చూడండి, 5 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు, 15 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు అని రెండూ ఉంటాయి. మొదటిది ఏడున్నర వాట్లు. 16 వాట్-అవర్ల బ్యాటరీ రెండున్నర గంటల్లో అయిపోతోందంటే గేమే ఆరు వాట్ల పైన తింటోందని. ఇక బ్యాటరీకి మిగిలేదెంత? "ఛార్జింగ్ పెట్టి ఆడినా ఎక్కట్లేదు" అని పిల్లలు అనేది అందుకే. అటక మీది అడాప్టరు దింపి తుడిచి ఇచ్చాను, ఆ ఒక్క గొడవ తీరిపోయింది.

ఇప్పుడు బ్యాటరీ. ఛార్జర్‌కి, కేబుల్‌కి మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్లు దొరుకుతాయి. వోల్టులు, ఆంపియర్లు, మొత్తం ఎన్ని వాట్-అవర్లు వెళ్ళాయో చూపిస్తాయి. స్విచ్ దానంతటది ఆరిపోయేదాకా ఆడించి, స్లీప్‌లో పెట్టి నిండేదాకా మీటరుతో ఛార్జి చేశాను. బ్యాటరీ సామర్థ్యం 16, దారిలో వేడిగా పోయేది కలుపుకుంటే బాగున్న బ్యాటరీ అంతకంటే ఎక్కువే లాగాలి. మాది పదకొండు దాటలేదు. తేలిక గేమ్‌తో చివరిదాకా ఖాళీ చేసి మళ్ళీ కొలిచినా పెద్దగా పెరగలేదు. సుమారు 800 ఛార్జింగ్ సైకిళ్ళయ్యేసరికి బ్యాటరీ 80 శాతానికి వస్తుందని నింటెండో చెబుతుంది. సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే ఒక సైకిల్ కింద లెక్క. ఏడేళ్ళు రోజూ ఆడిన మెషీన్ అది కూడా దాటిపోయిందంటే ఆశ్చర్యమేముంది? తప్పెవరిదీ కాదు, వయసు.

స్విచ్‌కి మన దేశంలో కంపెనీ సర్వీసు సెంటరు లేదు, కాబట్టి బ్యాటరీ మనమే తెప్పించుకోవాలి. మోడల్ నంబరు హెచ్‌ఏసీ-003. స్విచ్ లైట్‌ది వేరు, 3570 ఎంఏహెచ్, ఇందులో పట్టదు. ఆన్‌లైన్లో వెతికితే ఇదే సైజులో అసలుదాని కంటే బాగా ఎక్కువ ఎంఏహెచ్ రాసినవి కనిపిస్తాయి. అదే డబ్బాలో అంత ఎక్కువ ఎలా పడుతుందని ఒక్క క్షణం ఆలోచిస్తే వాటి జోలికి పోరు. సోనీ పాత చేతి గేమ్ మెషీన్ పీఎస్‌పీకి బ్యాటరీలు కొనేవాళ్ళకి ఈ వేషాలు బాగా తెలుసు, అసలుది 1800 అయితే నకిలీ మీద దానికి రెట్టింపు అంకె. నేను 4310 అనే రాసి ఉన్నది తీసుకున్నాను. రావడం ఆలస్యమైంది. విడి లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం 2016 ఏప్రిల్ నుంచి నిషేధం, సరుకు విమానాల్లో కూడా 30 శాతం ఛార్జికి మించకూడదు. రోడ్డు మీద వచ్చేదానికి తొందరేం ఉంటుంది.

విప్పడం నేనే చేద్దామనుకుని వీడియోలు చూశాను. వెనక మూలల్లో వై ఆకారపు స్క్రూలు, వాటికి వేరే స్క్రూడ్రైవరు. స్టాండు కింద ఇంకోటి దాక్కుని ఉంటుంది. మెమరీ కార్డు ముందే తీసేయాలి. లోపల రేకు, రేకు కింద వేడి లాగే పేస్టు. ఇవన్నీ ఎవరైనా చేయగలరు. అసలు గండం బ్యాటరీకి పూసిన జిగురు. మెత్తటి సంచిలాంటి సెల్‌ని ఇనుప మొనతో పొడిస్తే లోపలి పొరలు తగులుకుని మంట లేస్తుంది. అది చూశాక వీడియో ఆపేసి డాబాగార్డెన్స్ వెళ్ళాను.

అక్కడ సెల్ రిపేరు కొట్టు పెద్దాయన స్విచ్‌ని అటూ ఇటూ తిప్పి, "ఏటి బాబూ ఇది, ట్యాబా?" అన్నాడు. గేమ్ మెషీనని చెప్తే, "లోపల ఫోన్ లాగే ఉంటది కదేటి, విప్పేద్దాం" అని కూర్చున్నాడు. ఆయన చేతులు చూస్తుంటే ముచ్చటేసింది. ముందు బ్యాటరీ పావు వంతు కిందికి తగ్గిందో లేదో అడిగాడు, నిండు బ్యాటరీని పీకడం ప్రమాదమన్నది ఆయనకి అనుభవం. కనెక్టరు ఊడదీశాకే మిగతా పని. బ్యాటరీ అంచుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి, జిగురు నానేదాకా టీ తాగొచ్చి, అప్పుడు ప్లాస్టిక్ బద్దతో మెల్లగా లేపాడు. పాతది నడుములో కొంచెం ఉబ్బి ఉంది. లోపలి ద్రావణం విడిపోయి వాయువు పుడితే అలా ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జి పెట్టనే కూడదు. ఆరిన పేస్టు తుడిచి కొత్తది పూయించాను. బ్యాటరీకి, కూలికి కలిపి మూడు వేల లోపే అయింది.

వచ్చేటప్పుడు ఆయన "మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టండి బాబూ, అప్పుడే నిలబడతాది" అన్నాడు. పెద్దాయనతో వాదించలేదు గానీ అది నికెల్ కాడ్మియం కాలం మాట. ఆ బ్యాటరీలకి మధ్యలో ఛార్జి పెడితే బద్ధకం అలవాటయ్యేది, లిథియానికి ఆ జబ్బు లేదు. నిండగానే సర్క్యూటు ఆపేస్తుంది, మిగతా ఐదు గంటలు ఊరికే. కొత్త బ్యాటరీకి ఒకటి రెండుసార్లు మొత్తం నింపి మొత్తం దింపడం మాత్రం పనికొస్తుంది. అది బ్యాటరీ కోసం కాదు, శాతం లెక్కగట్టే చిప్ కోసం. మాదాంట్లో మొదట నలభై నుంచి ఒకేసారి ఇరవైకి దూకిన అంకె, అలా చేశాక దారిలో పడింది.

పాతదాన్ని కొట్లో వదిలేయలేదు. బ్యాటరీలను మామూలు చెత్తలో కలపకూడదని 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలున్నాయి, కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ దాని మీదే ఉంటుంది. కనెక్టరుకి టేపు చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో బాల్కనీ మూల పెట్టి, ఈ-వేస్టు తీసుకునేవాళ్ళకి అప్పజెప్పాను. నగరపాలక సంస్థ చెత్త బండిలో పడి నలిగితే ఆ బండికే ముప్పు.

ఈ గొడవంతా చూస్తుంటే నింటెండో వాళ్ళదే పాత చేతి మెషీన్, గేమ్ బాయ్ అడ్వాన్స్ గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లన్నీ చచ్చాయి గానీ అది రెండు పెన్సిల్ సెల్స్‌తో హాయిగా నడిచింది, సెల్స్ ఏ కిరాణా కొట్లోనైనా దొరికేవి. దాని తెరకి లైటు లేకపోవడంతో కొవ్వొత్తి పక్కన కూర్చుని ఆడాల్సి వచ్చేది, అది వేరే సంగతి.

ఇక బావగారి సగం నిజం. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ పొంగిపోయేంత ఎక్కదు. నష్టమల్లా నిండు ఛార్జి మీద, వేడిలో గంటల కొద్దీ ఉండటం. సెల్ 4.2 వోల్టుల దగ్గరున్నప్పుడు లోపలి రసాయన చర్యలు వేగంగా సాగుతాయి, వేడి తోడైతే ఇంకా వేగం. మావాడు కవరు తీయకుండా, పరుపు మీద, దిండు పక్కన పెట్టి ఛార్జి చేసేవాడు, అదీ మే నెలలో. స్విచ్ వాడటానికి 5 నుంచి 35 డిగ్రీలు, తేమ 20 నుంచి 80 శాతం అని కంపెనీ రాసింది. తేమ మాట నమ్మితే వైజాగ్‌లో సగం రోజులు దాన్ని ముట్టుకోకూడదు! తేమని మనమేం చేయలేం, వేడిని చేయగలం. గచ్చు మీద లేదా బల్ల మీద, కవరు తీసి, ఫ్యాన్ కింద. ఆడిన వెంటనే కాకుండా చల్లారాక. ఆర్‌కే బీచ్‌కి వెళ్తే అద్దాలెత్తిన కార్లో వదలకూడదు.

తొలి స్విచ్‌లో ఛార్జి పరిమితి సెట్టింగ్ లేదు. స్విచ్ 2లో 90 దగ్గర ఆపేది ఉంది, ఆఫీసులో మా కొలీగ్ దగ్గరున్న ఆర్‌ఓజీ అలై అనే చేతి గేమ్ కంప్యూటర్లో 80 దగ్గర ఆపేది ఉంది. మాదానికి గీజర్‌కి వాడే టైమర్ సాకెట్ కొన్నాను. స్లీప్‌లో ఖాళీ నుంచి నిండటానికి సుమారు మూడు గంటలు పడుతుంది కాబట్టి రెండు గంటలకి ఆగేలా పెట్టాం. ఇరవై శాతం దగ్గర పెడితే ఎనభై, తొంభై మధ్య ఆగుతోంది. ఊరెళ్ళే రోజున మాత్రం నిండుగా నింపుకోమన్నాను. బ్యాటరీని కాపాడటం కోసం ఆట మానేసే రకం కాదు నేను. చాలాకాలం పక్కన పెడితే సగం ఛార్జితో పెట్టి, ఆరు నెలలకి ఒక్కసారైనా ఎక్కించాలి, లేకపోతే అసలు మేలుకోకపోవచ్చు.

కొలీగ్ అలై గోల వేరు. అతనిది 40 వాట్-అవర్ల బ్యాటరీ, కానీ టర్బోలో, అంటే ఎక్కువ వేగం మోడ్‌లో, పాతిక వాట్లు దాటి లాగుతుంది. గంటన్నర కూడా రావట్లేదని అతని బాధ. నలభైని పాతిక దాటిన అంకెతో భాగిస్తే వచ్చేది అంతే కదా గురూ అన్నాను. వాట్లు పదిహేనుకి తగ్గించి, తెర మీద సెకనుకి వచ్చే ఫ్రేములు ముప్పైకి కట్టేశాక రెండు గంటలు దాటింది. మాదాంట్లో తెర వెలుతురు తగ్గించడం, నెట్ అక్కర్లేనప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టడం, ఇవే.

ప్రయాణానికి పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు. 37 వాట్-అవర్లలో పోయింది పోగా స్విచ్‌ని రెండుసార్లకి కొంచెం తక్కువగా నింపుతుంది, కాకపోతే పవర్ డెలివరీ ఉన్నదే కొనాలి. విమానంలో అయితే చేతి సంచిలోనే, 100 వాట్-అవర్లు మించకుండా. సికింద్రాబాద్ వందే భారత్‌లో సీటు దగ్గరే సాకెట్ ఉంటుంది, ఎనిమిదిన్నర గంటలూ బెంగ లేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే మాత్రం విజయవాడ వచ్చేలోపే అన్నీ నింపేసుకోండి. 2021 నుంచి చాలా రైళ్ళలో రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున ఐదు దాకా ఛార్జింగ్ సాకెట్లకి కరెంటు ఆపేస్తున్నారు.